హాజరు పట్టీకి ఎక్కని గాయాలు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతిని ముందుకు విసరడం మొదట్లో నిషేధం. రెండు జట్లూ గుంపులుగా కలబడి, తోసుకుంటూ తొక్కుకుంటూ గజం గజం జరిగేవి. 1905లో కాలేజీ కుర్రాళ్ళ చావులు పెద్ద గొడవయ్యాయి. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్ళను వైట్‌హౌస్‌కు పిలిపించాడు. మరుసటి ఏడాది మారిన నిబంధనల్లో ఫార్వర్డ్ పాస్ ఒకటి. ఆటగాళ్ళు మైదానమంతా విడిపోతే ఎముకలు విరగడం తగ్గుతుందని ఆశ. ప్రాణాలు కాపాడటానికి చేసిన ఆ సవరణలోంచే రిసీవర్ పుట్టాడు. ఒంటరిగా పరిగెత్తి, గాల్లోకి లేచి, చూపంతా బంతి మీద పెట్టి, పక్కటెముకలు ప్రత్యర్థికి అప్పజెప్పే ఆటగాడు అతను.

ఈ పనిని ఒక విద్యగా మలిచింది వృత్తి ఆటగాళ్ళ లీగ్‌లోని గ్రీన్‌బే ప్యాకర్స్ ఆటగాడు డాన్ హట్సన్. 1942లో పదకొండు ఆటల్లోనే 74 పాస్‌లు పట్టి 1,211 గజాలు సాధించాడు. ఆ తర్వాతి దశాబ్దాల్లో పాస్‌లు పెరిగాయి, రిసీవర్ల విలువా పెరిగింది. వాళ్ళకు తగిలే దెబ్బల లెక్క మాత్రం ఎవరికీ పట్టలేదు.

పట్టక తప్పని రోజు 1978 ఆగస్టు 12న వచ్చింది. సీజన్ ఇంకా మొదలే కాలేదు, అది సన్నాహక ఆట. ఓక్లాండ్‌లో న్యూ ఇంగ్లాండ్ పేట్రియట్స్ రిసీవర్ డారిల్ స్టింగ్లీ తనకు అందనంత దూరంలో పోతున్న బంతి కోసం దూకాడు. ఎదురుగా వచ్చిన ఓక్లాండ్ ఆటగాడు జాక్ టాటమ్ అతణ్ణి ఢీకొట్టాడు. మెడ ఎముకలు విరిగి, ఇరవై ఆరేళ్ళ స్టింగ్లీకి కాళ్ళూ చేతులూ పడిపోయాయి. అంపైర్లు తప్పు ప్రకటించలేదు, ఎందుకంటే అప్పటి నిబంధనల ప్రకారం అది తప్పు కాదు. అదే ఏడాది లీగ్ రిసీవర్లకు మేలు చేసే నియమం ఒకటి తెచ్చిన మాట నిజమే. ఐదు గజాలు దాటాక వాళ్ళను అడ్డంగా తోయకూడదన్నారు. అయితే దాని ఉద్దేశం పాస్‌లు పెంచడం, మెడలు కాపాడటం కాదు. స్టింగ్లీ మిగిలిన జీవితమంతా చక్రాల కుర్చీలోనే గడిపి 2007లో చనిపోయాడు.

పదేళ్ళ తర్వాత, 1988లో, ప్యాకర్స్ డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లోనే రిసీవర్ స్టెర్లింగ్ షార్ప్‌ను తీసుకుంది. జార్జియా రాష్ట్రంలోని గ్లెన్‌విల్ అనే చిన్న ఊళ్ళో అవ్వాతాతల దగ్గర పెరిగాడు. ఇతని కథ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. రిసీవర్ గాయాల చరిత్రలో ఇంత విడ్డూరమైనది నాకు ఇంకొకటి కనిపించలేదు. ఏడు సీజన్లు ఆడాడు. మొత్తం 112 లీగ్ ఆటలు ఉంటే 112లోనూ మైదానంలో ఉన్నాడు. ఒక్క ఆటా మానని మనిషిని చివరికి గాయమే ఇంటికి పంపింది.

1992లో 108 పాస్‌లు పట్టి అప్పటి రికార్డు బద్దలు కొట్టాడు. పాస్‌లు, గజాలు, టచ్‌డౌన్‌లు మూడింటిలోనూ ఆ ఏడాది లీగ్‌లో మొదటివాడు. మరుసటి ఏడాది కాలి బొటనవేలి కీలు దెబ్బతిని వారాల తరబడి ప్రాక్టీసుకు రాలేకపోయినా, ఆదివారం ఆట వచ్చేసరికి దిగేవాడు. అలా ఆడుతూనే 112 పట్టి తన రికార్డునే దాటాడు. 1994 జనవరిలో డెట్రాయిట్ మీద ప్లేఆఫ్ ఆట ముగియడానికి నిమిషం లోపు ఉండగా, క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫార్వ్ మైదానం ఒక పక్క నుంచి అవతలి పక్కకు విసిరిన బంతి అందుకుని గెలిపించింది షార్పే. మన్ననంతా ఆ హాజరుకే దక్కింది. వేలి నొప్పితో ఆడితే ధీరుడన్నారు. ఆ నొప్పి హాజరు పట్టీకి ఎక్కలేదు. హాజరు లెక్కల్లో ఆడని ఆటలే గాయాలు.

1994 డిసెంబరు 18న అట్లాంటాతో ఆటలో దెబ్బ తగిలి ఒళ్ళు తిమ్మిరెక్కి కింద పడ్డాడు. వారం తిరిగేసరికి టాంపాబే మీద దిగి మూడు టచ్‌డౌన్‌లు చేశాడు. ఆ ఆటలోనూ మెడకు దెబ్బ తగిలింది. మెడలో అన్నిటికంటే పైనున్న రెండు వెన్నుపూసల మధ్య పట్టు సడలిందని పరీక్షల్లో తేలింది. ఇంకొక్క దెబ్బ పడితే స్టింగ్లీ గతే. శస్త్రచికిత్స చేశారు. 1995 ఆరంభంలో ప్యాకర్స్ అతణ్ణి వదిలేసుకుంది. అప్పటికి అతనికి ఇరవై తొమ్మిదేళ్ళు.

అతని స్థానంలోకి వచ్చిన రాబర్ట్ బ్రూక్స్ 1995లో 1,497 గజాలు సాధించాడు. 1996 అక్టోబరులో అతనికీ మోకాలి స్నాయువులు తెగాయి. ఆ సీజన్ చివర ప్యాకర్స్ సూపర్ బౌల్ గెలిచింది. షార్ప్ లేడు, బ్రూక్స్ మైదానంలోకి దిగలేకపోయాడు. మరుసటి ఏడాది సూపర్ బౌల్‌లో ప్యాకర్స్‌ను ఓడించింది డెన్వర్ బ్రాంకోస్. ఆ జట్టులో షార్ప్ తమ్ముడు షానన్ ఉన్నాడు. ఆ గెలుపుకు దక్కిన ఉంగరాన్ని షానన్ అన్నకు ఇచ్చేశాడు. అన్న పాత జట్టును ఓడించి తెచ్చిన ఉంగరం మరి.

మేటి ఆటగాళ్ళకు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్ తలుపు మాత్రం షార్ప్‌కు చాలా ఏళ్ళు తెరుచుకోలేదు. ఏడేళ్ళు చాలవన్నారు. కానీ 68 ఆటలే ఆడిన రన్నింగ్‌బ్యాక్ గేల్ సేయర్స్‌ను 1977లోనే తీసుకున్నారు కదా! షార్ప్ ఆడిన రోజుల్లో పత్రికలవాళ్ళతో మాట్లాడేవాడు కాదు. ఎంపిక చేసేవాళ్ళలో ఎక్కువమంది పత్రికలవాళ్ళే. ఆ కినుక కొంత పనిచేసిందేమోనని నా అనుమానం. అలా మాట్లాడనివాడు తర్వాత ఈఎస్‌పీఎన్‌లో విశ్లేషకుడిగా మాటలతోనే బతకడం ఇంకో తమాషా. షానన్ 2011లోనే ఆ గౌరవం అందుకుని, మా ఇంట్లో ఆటగాడిగా నేను రెండోవాణ్ణేనని వేదిక మీదే చెప్పాడు. అన్నకు ఆ పిలుపు 2025లో గాని రాలేదు.

ఈలోగా లోకం మారింది. తలకు మళ్ళీ మళ్ళీ దెబ్బలు తగిలి న్యూయార్క్ జెట్స్ రిసీవర్ అల్ టూన్ 1992లో ఇరవై తొమ్మిదేళ్ళకే ఆట మానేశాడు. తలకు దెబ్బ తగిలిన లక్షణాలు కనిపిస్తే అదే రోజు మళ్ళీ దిగకూడదన్న నియమానికి 2009 దాకా ఆగాల్సి వచ్చింది. డెట్రాయిట్ రిసీవర్ కాల్విన్ జాన్సన్ 2012లో 1,964 గజాలతో రికార్డు నెలకొల్పాడు. వేళ్ళు, చీలమండలు, మోకాళ్ళు అరిగిపోయాక, 2016లో ముప్పై ఏళ్ళకే తనంతట తాను తప్పుకున్నాడు. ఆడినవి 135 ఆటలు, షార్ప్ కంటే 23 ఎక్కువ. హాల్ ఆఫ్ ఫేమ్ అతణ్ణి 2021లో, అర్హత వచ్చిన తొలి ఏడాదే పిలిచింది.

అయినా హాజరు మీద మమకారం పోలేదు. న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ రిసీవర్ మైకేల్ థామస్ 2019లో 149 పాస్‌లు పట్టాడు. ఆ రికార్డు ఇంకా నిలిచే ఉంది. మరుసటి సీజన్ మొదటి ఆటలోనే చీలమండ దెబ్బతింది. ఆ సీజన్‌తో కలిపి నాలుగు సీజన్లలో జట్టుకు ఆడినవి ఇరవై ఆటలే. 2021 జూన్‌లో శస్త్రచికిత్స చేయించుకుంటే, అది ముందే కావాల్సిందని కోచ్ షాన్ పేటన్ బహిరంగంగానే నొచ్చుకున్నాడు. ఆ సీజన్‌లో థామస్ ఒక్క ఆటా ఆడలేదు.