వలస నిర్ణయంలో పిల్లల వయసు: అమెరికా, జర్మనీ, సౌదీ నిబంధనల పరిశీలన

చిన్నపిల్లలున్న ఇంట్లో విదేశీ ఉద్యోగం మాట రాగానే ముందు తేల్చుకునేది జీతం, తర్వాత ఇంటి అద్దె, నెలకు మిగిలేదెంత, ఊళ్లో అప్పు ఎప్పటికి తీరుతుంది. పిల్లల సంగతి మాత్రం "అక్కడ బడులు బాగుంటాయట" అన్న ఒక్క మాటతో తేలిపోతుంది. మన డయాస్పోరా సాహిత్యం కూడా పిల్లలను ఎక్కువగా భాష, సంస్కృతుల వైపు నుంచే చూసింది. కానీ వీసా, బడి, పౌరసత్వం - ఈ మూడింటి నిబంధనలూ పిల్లల వయసుకు విడివిడిగా గడువులు పెడతాయి. తల్లిదండ్రుల ఉద్యోగ కాలంతో వాటికి పొంతన ఉండదు. మూడేళ్ల పిల్లతో వెళ్లడం, తొమ్మిదేళ్ల పిల్లతో వెళ్లడం నిజానికి రెండు వేర్వేరు వలసలని ఈ వ్యాసం వాదన. పరిశీలనకు తీసుకున్నవి మూడు దేశాలు: మనవాళ్లు పెద్దసంఖ్యలో వెళ్లే అమెరికా, ఇటీవల ఇంజినీర్లు మొగ్గు చూపుతున్న జర్మనీ, హైదరాబాదు పాతబస్తీకి తరాలుగా అలవాటైన సౌదీ అరేబియా.

అమెరికాలో హెచ్‌-1బీ ఉద్యోగి పిల్లలకు వచ్చే హెచ్‌-4 వీసా వాళ్ల 21వ పుట్టినరోజుతో ముగుస్తుంది. ఈలోగా గ్రీన్‌కార్డు చేతికి రావాలి. ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డులు ఏటా సుమారు 1,40,000. భార్యాపిల్లలకు ఇచ్చేవీ అందులోంచే పోతాయి. ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి. 2025 వీసా బులెటిన్లలో భారతీయుల ఈబీ-2, ఈబీ-3 (ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డు విభాగాలు) వరుస 2012-13 నాటి దరఖాస్తుల దగ్గరే కదలాడింది. అంతకు పన్నెండేళ్ల ముందు నిలబడ్డవారికి అప్పుడు పిలుపొచ్చిందన్నమాట. ఆ తర్వాత వచ్చి చేరినవారు ఎందరో కనుక ఇవాళ వరుస పట్టేవారి నిరీక్షణ ఇంకా ఎక్కువ. తొమ్మిదేళ్లకు వెళ్లిన పిల్లకు మిగిలేది పన్నెండేళ్లు, మూడేళ్లకు వెళ్లిన పిల్లకు పద్దెనిమిదేళ్లు. రెండో లెక్కకే భరోసా లేదు, మొదటిది దాదాపు కుదరనిదే. 2002లో వచ్చిన చట్టం ఒకటి పిటిషన్ పరిశీలనలో ఉన్న కాలాన్ని పిల్లల వయసులోంచి తీసేస్తుంది గానీ, వరుసలో గడిచిన ఏళ్లను తీయదు. గడువు దాటితే, చిన్నప్పటి నుంచీ అక్కడే చదివిన పిల్ల కూడా సాధారణంగా ఎఫ్‌-1 విద్యార్థి వీసాకు మారాలి, లేదంటే దేశం విడవాలి. 2012లో ఒబామా ప్రభుత్వం తెచ్చిన డాకా రక్షణ కాగితాలు లేని పిల్లలకే. అన్ని కాగితాలతో వచ్చిన పిల్లలకు అది వర్తించకపోవడం ఈ వ్యవస్థలోకెల్లా పెద్ద విడ్డూరం.

పసిపిల్లలున్న ఇంటికి ఇంకో చిక్కుంది. అక్కడ ప్రభుత్వ బడి చాలాచోట్ల ఐదేళ్లకు కిండర్‌గార్టెన్‌తోనే మొదలవుతుంది. హెచ్‌-4 మీద వచ్చిన జీవిత భాగస్వామికి, 2015 నిబంధన ప్రకారం, హెచ్‌-1బీ వ్యక్తి గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటాకే పని అనుమతి. అందాకా తల్లి ఇంట్లోనే ఉంటుంది కనుక డేకేర్ ఖర్చు మిగిలిందనుకోవడం పొరపాటు. ఆ ఖర్చు ఆమె ఉద్యోగ జీవితంలోంచి పోతోంది. మనవాళ్లు దీనికి వంతులు కనిపెట్టారు. ప్రసవానికి ముందు అమ్మమ్మ, తాతయ్య సందర్శక వీసా మీద దిగుతారు, సూట్‌కేసులో ఉగ్గుగిన్నె, వాము, పాత చీరలు చింపిన పొత్తిగుడ్డలతో. వాళ్ల ఆరు నెలలు నిండేసరికి నానమ్మవాళ్లు విమానం ఎక్కుతారు. జర్మనీలో ఈ వంతులు సాగవు. షెంజెన్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండనిస్తారు.

అయితే జర్మనీ ఆ లోటును మరోలా పూడుస్తుంది. బ్లూకార్డు (నిపుణ ఉద్యోగుల నివాస అనుమతి) మీద వెళ్లినవారి భార్య లేదా భర్త మొదటి రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చు. ఏడాది నిండిన ప్రతి బిడ్డకూ 2013 ఆగస్టు నుంచి పిల్లల సంరక్షణ కేంద్రంలో చోటు చట్టబద్ధమైన హక్కు. హక్కున్నా పెద్ద నగరాల్లో ఆ చోటు సులువుగా దొరకదు, కాబట్టి ఆఫర్ లెటర్ అందినప్పుడే బిడ్డ పేరు నమోదు చేయించడం మంచిది. 2020 మార్చి నుంచి తట్టు టీకా రుజువు కూడా అడుగుతున్నారు. బ్లూకార్డుదారుకు జర్మన్ భాష బీ1 స్థాయిలో వస్తే 21 నెలల్లో శాశ్వత నివాసం దక్కుతుంది. అమెరికా వరుసతో పోలిస్తే ఇది నమ్మశక్యం కాని వేగం.

జర్మనీలో అసలు గడువు నాలుగో తరగతి. ఎక్కువ రాష్ట్రాల్లో ఆ తరగతి అయ్యాక పిల్లలను వేర్వేరు బడులకు విడదీస్తారు. విశ్వవిద్యాలయానికి నేరుగా తీసుకెళ్లేది గిమ్నాజియుం. బవేరియాలో ఆ బడికి తేలిగ్గా అర్హత రావాలంటే జర్మన్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం మూడింట్లో సగటు గ్రేడు 2.33 లోపు ఉండాలి. అక్కడ 1 అత్యుత్తమం. మూడేళ్లకు వెళ్లిన బిడ్డ అప్పటికి ఇసుకలో ఆడుకుంటూనే జర్మన్ నేర్చేసి ఉంటుంది. తొమ్మిదేళ్లకు దిగిన పిల్ల ఏడాది తిరక్కుండానే కొత్త భాషలో ఈ గ్రేడు తెచ్చుకోవాలి. తర్వాత దారి మార్చుకునే వీలుంది, కానీ అది చుట్టుదారి. బెర్లిన్, బ్రాండెన్‌బుర్గ్‌లలో ఈ విభజన సాధారణంగా ఆరో తరగతి తర్వాతే. ఒకే జీతానికి మ్యూనిక్, బెర్లిన్ ఆఫర్లు రెండూ ఉంటే, పెద్దపిల్లలున్న ఇంటికి బెర్లినే మేలు.

సౌదీ లెక్క సూటిగా ఉంటుంది. 2017 జూలైలో ఒక్కో ఆశ్రితుడికి నెలకు 100 రియాళ్లతో మొదలైన రుసుము ఏటా వందేసి పెరిగి 2020కి 400 అయింది. భార్య, ఇద్దరు పిల్లలుంటే ఏడాదికి 14,400 రియాళ్లు, ఇకామా (నివాస అనుమతి) రెన్యువల్‌తో పాటు చెల్లించాలి. భారతీయ బడుల్లో సీబీఎస్ఈ చదువు దొరుకుతుంది కనుక తిరుగు ప్రయాణంలో పిల్లలకు సిలబస్ చిక్కు లేదు. పైచదువుకు మాత్రం మళ్లీ ఇక్కడికే రావడం పరిపాటి.

అలా తిరిగొచ్చేవారికి సొంతగడ్డ పెట్టే గడువు కూడా ఉంది. బయలుదేరేముందు దాని గురించి అడిగేవారు అరుదు. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు నుంచీ మన కళాశాలల్లో 85 శాతం సీట్లు స్థానికులవి. స్థానికత తేల్చే ప్రధాన కొలమానం అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్ల చదువు. తెలంగాణ 2024లో మెడికల్ ప్రవేశాలకు ఈ షరతును జీవో 33తో బిగించింది, 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆచరణలో పిల్ల తొమ్మిదో తరగతికల్లా రాష్ట్రంలోని బడిలో ఉండాలి. రియాద్‌లో పన్నెండో తరగతి ముగించి వచ్చిన హైదరాబాదు పిల్లకు సొంత రాష్ట్రంలోనే కన్వీనర్ కోటా మెడికల్ సీటు అందకుండా పోవచ్చు. విదేశీ పౌరసత్వంతో ఓసీఐ కార్డు పట్టుకొచ్చే పిల్లల పరిస్థితి ఇంకా ఇరుకు. 2021 మార్చి నోటిఫికేషన్ ప్రకారం, ఆ తర్వాత కార్డు పొందినవారు పోటీపడగలిగేది ఎన్ఆర్ఐ లేదా సూపర్‌న్యూమరరీ (అదనపు) సీట్లకే.

కాబట్టి నా అంచనా ఇది. మూడేళ్ల లోపు బిడ్డ ఉండి, దంపతులిద్దరూ ఉద్యోగం వదులుకోకూడదనుకుంటే, తాత-అమ్మమ్మల తోడు లేకున్నా జర్మనీ అమెరికా కంటే నయం. తొమ్మిదేళ్లు దాటిన పిల్లతో హెచ్‌-1బీ మీద స్థిరపడాలని వెళ్లడం ఇవాళ్టి నిబంధనల్లో ఆ పిల్లకు నష్టదాయకం. నాలుగేళ్లు సంపాదించుకుని తిరిగొచ్చే ఉద్దేశంతో అయితే వెళ్లొచ్చు, అదీ ఎనిమిదో తరగతి ముగిసేలోగా వెనక్కి వచ్చేట్టుగా.