పందెపు సైకిలు – వీధి ప్రయాణము

మన గ్రామములలో సైకిలు నెఱుగనివారు లేరు. పాలు పోయువారును, పొలమునకు పోవువారును, బడికి పోవు పిల్లలును దాని నెక్కి తిరుగుచునే యున్నారు. కాని బ్రేకు లేని సైకిలు గలదనియు, అది లోపము గాక దాని లక్షణమే యనియు జెప్పిన నమ్మువా రరుదు. పందెపు బాటకై నిర్మింపబడిన యట్టి సైకిలు చరిత్రమును, పాతబడిన దానిని వీధికి దెచ్చు విధమును నేడు మీకు మనవి చేసెదను.

1817లో జర్మనీ దేశీయుడగు కార్ల్ ఫన్ డ్రైస్ రెండు చక్రముల బండిని జేసి, నేలను కాళ్లతో తన్నుచు నడపెను. 1860 తరువాతి సంవత్సరములలో పారిసు నగరమున ముందు చక్రమునకు పెడళ్లు చేరినవి. 1885లో ఇంగ్లండులోని కవెంట్రీ పట్టణమున జాన్ కెంప్ స్టార్లీ రోవరు సైకిలును వెలువరించెను. దానిలో గొలుసు వెనుక చక్రమును ద్రిప్పును. మన సైకిలునకు అదియే మూలము.

ఆ కాలపు సైకిళ్లలో వెనుక పళ్లచక్రము హబ్బునకు బిగిసి యుండెడిది. చక్రము తిరుగునంతసేపు కాళ్లును తిరుగవలసినదే. పందొమ్మిదవ శతాబ్ది చివర ఫ్రీవీలు వాడుకకు వచ్చిన పిమ్మట, కాళ్లు నిలిపినను బండి సాగుట సాధ్యమయ్యెను. దారిన బోవువారు క్రమముగా దానిని గ్రహించిరి. బాటపై పందెము లాడువారు మాత్రము పాత పద్ధతినే నిలుపుకొనిరి. కారణ మేమి? గుండ్రని బాటపై వారు ఒకరి వెనుక నొకరు జానెడు దూరమున పరుగెత్తుదురు. ఒకడు తటాలున బ్రేకు పట్టినచో వెనుకవారు వానిపై గూలుదురు. బ్రేకు లేకపోవుటయే అచట అందఱికిని రక్ష.

అట్టి సైకిలుపైననే 1899లో కెనడాలోని మాంట్రియలు నగరమున అమెరికా వాసి మేజర్ టేలర్ ప్రపంచ విజేత యయ్యెను. నల్లజాతివా డగుటచే స్వదేశమున కొన్ని పందెములలో ఆతనికి ప్రవేశమే లేకుండెను. 1948లో జపానులోని కొకురా పట్టణమున, యుద్ధముచే నష్టపోయిన ప్రాంతములకు ధనము గూర్చుటకై కెయిరిన్ పందెములు మొదలైనవి. అచట వాడి విడిచిన ఉక్కు సైకిళ్లు పిదప దేశదేశముల వీధులకు జేరినవి. న్యూయార్కు నగరమున ఉత్తరములను మోయువారు సయితము, చెడిపోవు భాగములు తక్కువ యని ఇట్టి సైకిళ్ల నాదరించిరి.

ఇక దానిని వీధికి సిద్ధము చేయు విధము. ముందుగా గొట్టములలో పగుళ్లును, సొట్టలును గలవేమో చూడవలెను. పందెమున ముందు 49, వెనుక 14 పళ్లుండిన, ఒక తొక్కుడునకు చక్రము మూడున్నర చుట్లు తిరుగును. వీధిలో అది బరువు. 46, 17 పళ్లు చాలును. వెనుక చక్రమును వెనుకకు లాగి గొలుసును తగుమాత్రము బిగింపవలెను. కాళ్లతో నడ్డగించునపుడు పళ్లచక్రము వదులు కాకుండ, ఎదురు మరగల బిగింపు చుట్టును దప్పక వేయవలెను. జిగురుతో నంటించు టైర్లకు మాఱుగా సామాన్యపు టైర్లు మేలు.

అన్నిటికంటె ముఖ్యము ముందు బ్రేకు. బండి నాపబూనినపుడు భారమంతయు ముందు చక్రముపై బడును. వెనుక చక్రము తేలికయై జాఱును. కావున కాళ్ల బలము మాత్రమే చాలదు. గొలుసు తెగెనా, ఆ బలమును లేదు. ఇంగ్లండున 1983 నాటి నిబంధనలు సైతము వీధిలో నిట్టి సైకిలునకు ముందు బ్రేకును విధించినవి. పాత ఫోర్కునకు బెజ్జము లేనిచో, దానిని తొలిచి బలహీనపఱుపరాదు. కొలత కుదిరిన వేఱొక ఫోర్కును వేసి, పాతదానిని భద్రపఱుపవలెను.

బ్రేకు వేసిన పాత వస్తువు చెడునని కొంద ఱందురు. నే నంగీకరింపను. బాటపై బ్రేకు లేకుండుట తోడివారి ప్రాణమునకై. వీధిలో బ్రేకుండుటయు అందులకే. పెద్ద లేర్పఱచిన పద్ధతిని నిలుపదలచువాడు, వారు దాని నేల యేర్పఱచిరో ముందు విచారింపవలెను. వీధిలో మన యెదుట నడచునది పందెగాడు కాడు. నీళ్లబిందెతో వచ్చు ఇల్లాలు, బడి విడిచి పరుగెత్తు పసివాడు.