జాన్ హేగ్ – ఆమ్లంలో కరగని సాక్ష్యం

1949 ఫిబ్రవరి 28వ తేదీన లండన్‌లోని చెల్సీ పోలీసు ఠాణాలో జాన్ జార్జ్ హేగ్ అనే వ్యక్తిని అధికారులు ప్రశ్నిస్తున్నారు. వయస్సు నలభైకి లోపు. నలగని దుస్తులు, నున్నగా దువ్విన జుట్టు, మర్యాద తప్పని మాట. పై అధికారులు కొంతసేపు బయటకు పోగానే, దగ్గర మిగిలిన ఇన్‌స్పెక్టరును అతడొక సంగతి అడిగినాడు: బ్రాడ్‌మూర్ నుంచి విడుదలయ్యే అవకాశాలు ఏ మాత్రం ఉంటవి? బ్రాడ్‌మూర్ అనేది మతి చలించిన నేరస్థులను ఉంచే ఆస్పత్రి. ఆ ప్రశ్నకు జవాబు రాలేదు. తరువాత హేగ్ తానే అసలు విషయం బయటపెట్టినాడు. పోలీసులు వెదకుతున్న డ్యురాండ్-డీకన్ అనే వితంతువు ఇక లేదనీ, ఆమెను ఆమ్లంలో కరిగించివేసినాననీ, మడ్డి తప్ప మరేమీ దొరకదనీ చెప్పి, శవమే లేనప్పుడు హత్యను ఎట్లా రుజువు చేస్తారని ఎదురుప్రశ్న వేసినాడు.

ఈ ధీమాకు రెండు నమ్మకాలు ఆధారం. ఒకటి న్యాయశాస్త్రానికి, రెండవది రసాయనశాస్త్రానికి సంబంధించినవి. రెండింటిలోనూ అతనిది అరకొర చదువే.

హేగ్ 1909లో లింకన్‌షైర్‌లోని స్టాంఫర్డ్‌లో పుట్టి, యార్క్‌షైర్‌లో పెరిగినాడు. తల్లిదండ్రులు అతినిష్ఠ గల క్రైస్తవ శాఖకు చెందినవారు. పిల్లవాడు వేక్‌ఫీల్డ్‌లో మంచి బడిలో చదివినాడు. అక్కడి పెద్ద చర్చిలో కీర్తనలు పాడినాడు. పెద్దవాడైన తరువాత మాత్రం కష్టపడి సంపాదించే మార్గం అతనికి రుచించలేదు. దొంగ కాగితాలు సృష్టించి మోసాలు చేసి, 1934లో మొదటిసారి జైలుకు పోయినాడు. తరువాత వకీలునని చెప్పుకొని జనాన్ని మోసగించి మళ్ళీ శిక్ష పొందినాడు. మోసపోయినవారు బ్రతికి ఉండి ఫిర్యాదు చేయడం వల్లనే తాను పట్టుబడుతున్నానని జైలులో అతడు తేల్చుకున్నాడు. అక్కడి పనిశాలలో చిట్టెలుకలను గంధకికామ్లంలో, అనగా సల్ఫ్యూరిక్ ఆమ్లంలో, వేసి పరీక్షించినాడని చెబుతారు.

1944లో తన పూర్వపు యజమాని విలియం మెక్‌స్వాన్‌ను, 1945లో అతని తల్లిదండ్రులను, 1948లో డాక్టర్ హెండర్సన్ దంపతులను చంపినాడు. ప్రతిసారీ శవాన్ని ఆమ్లపు పీపాలో వేయడం, దొంగ సంతకాలతో ఆస్తిని కాజేయడం. బంధువులకు అనుమానం రాకుండా, చచ్చినవారు వ్రాసినట్లుగా ఉత్తరాలు కూడా తానే వ్రాసేవాడు. అయిదుగురు మాయమైనా నాలుగేండ్లకు పైగా ఎవరూ హేగ్ వంక వేలెత్తి చూపలేదు.

ఇక అతని న్యాయశాస్త్ర జ్ఞానం. ఇంగ్లీషు న్యాయంలో "కార్పస్ డెలిక్టై" అనే లాటిన్ మాట ఉన్నది. కార్పస్ అంటే శరీరం గనుక, శవం దొరకనిదే హత్యానేరం నిలవదని హేగ్ అర్థం చేసుకున్నాడు. నిజానికి ఆ మాటకు అర్థం "నేరం యొక్క శరీరం". అనగా నేరం జరిగినదని చూపే ఆధారాల సముదాయం. హేగ్ పట్టుబడడానికి ముందటి సంవత్సరమే, 1948లో, ఓడలో ఒక యువతిని చంపి కిటికీ గుండా సముద్రంలోకి త్రోసిన జేమ్స్ క్యాంబ్ అనే ఓడ ఉద్యోగికి, శవం దొరకకున్నా, కోర్టు మరణశిక్ష విధించినది. హేగ్ ఆ వారం పత్రికలు చదవలేదు కాబోలు!

రసాయనశాస్త్ర విషయం మరింత ఆసక్తికరమైనది. గాఢ గంధకికామ్లం చక్కెరలోని నీటి అంశాన్ని లాగివేసి నల్లని బొగ్గును మిగల్చడం విద్యార్థులు ప్రయోగశాలలో చూచే ఉంటారు. దేహంలో దాదాపు మూడింట రెండువంతులు నీరే. ఆమ్లం ఆ నీటితో కలిసినప్పుడు పుట్టే వేడిలో మాంసకృత్తులు తునాతునకలై చివరకు ఎమినో ఆమ్లాలుగా విడిపోతవి. ఎముకలోని కాల్షియం ఫాస్ఫేటు కూడా తట్టుకోలేదు. రైతులు పొలానికి వేసే సూపర్ ఫాస్ఫేటు ఎరువు పుట్టుక ఈ చర్యలోనే ఉన్నది. ఇంగ్లండులోనే జాన్ బెనెట్ లాస్ 1842లో దానికి పేటెంటు పొందినాడు. అయితే ఆమ్లం అన్నిటినీ ఒకే వేగంతో తినదు. కొవ్వు దానిలో సులభంగా కలవదు; జిడ్డుగా విడిపోయి, తనలో చిక్కుకున్న వస్తువులకు కవచంలాగా నిలుస్తుంది. చిట్టెలుక కడుపులో పిత్తాశయపు రాళ్ళుండవు, నోట కట్టుడు పళ్ళుండవు. హేగ్ ప్రయోగంలోని లోపం అదే.

డ్యురాండ్-డీకన్ వయస్సు 69. హేగ్ నివసించే హోటలులోనే ఆమె కూడా ఉండేది. కృత్రిమ గోళ్ళు తయారుచేసే ఆలోచన తనకున్నదని ఆమె చెప్పగా, ఫిబ్రవరి 18న హేగ్ ఆమెను లండనుకు దక్షిణాన ఉన్న క్రాలీలోని తన పనిశాలకు తీసుకొనిపోయి, వెనుకనుంచి కాల్చి చంపినాడు. స్నేహితురాలు తిరిగి రాకపోవడంతో అదే హోటలులోని మరొకామె పోలీసులకు తెలిపినది. హేగ్‌ను ప్రశ్నించిన మహిళా సార్జంటుకు అతని తీరు నచ్చలేదు. పాత రికార్డులు తీయగా జైలు చరిత్ర బయటపడినది. పనిశాలలో రివాల్వరు, రబ్బరు చేతితొడుగులు, చనిపోయినామె కోటును శుభ్రపరచడానికి ఇచ్చిన రసీదు దొరికినవి.

గైస్ ఆస్పత్రికి చెందిన న్యాయవైద్యుడు కీత్ సింప్సన్ మార్చి 1న అక్కడికి వచ్చినాడు. హేగ్ పీపాలోని మడ్డిని పెరటిలో పారబోసినాడు. నేలంతా గులకరాళ్ళు. వాటి మధ్య, చెర్రీపండంత పరిమాణంలో, నున్నని ముఖాలు గల ఒక రాయిని సింప్సన్ ఏరి తీసినాడు. అది గులకరాయి కాదు, పిత్తాశయపు రాయి! దానికి లక్షలాది గులకరాళ్ళలో ఒకటిగా మరుగున పడిపోయే అవకాశం ఉన్నది. చూచే కన్ను వేరైతే అట్లే జరిగేది. ఆ మట్టినంతా పెట్టెలకెత్తి ప్రయోగశాలకు పంపినారు. దానిలో 28 పౌనుల కొవ్వు, ఎముక ముక్కలు, ఎడమ పాదంలో కొంత భాగం, పిత్తాశయపు రాళ్ళు, ఎర్రని చేతిసంచి తాలూకు ప్లాస్టిక్ పిడి లభించినవి. పాదపు పోతపోయగా అది ఆమె బూటుకు సరిపోయినది. అన్నిటికన్నా ముఖ్యమైనవి ఎక్రిలిక్ రెజిన్‌తో చేసిన కట్టుడు పళ్ళు. అవి తాను చేసినవేనని ఆమె దంతవైద్యురాలు గుర్తించినది. ఇంకొన్ని వారాలు ఆమ్లంలో ఉన్నట్లయితే అవి కూడా కరిగిపోయేవే.

1949 జులైలో లూయిస్ పట్టణంలో విచారణ జరిగినది. చంపినవారి రక్తం త్రాగినానని హేగ్ చెప్పుకొన్నాడు. విచారణకు ముందే అతనిని రక్తపిశాచిగా చిత్రించినందుకు డెయిలీ మిర్రర్ పత్రిక సంపాదకుడికి మూడు నెలల జైలు, పత్రికకు పదివేల పౌనుల జుల్మానా పడినవి. తాను చేస్తున్న పని తప్పని నిందితుడికి తెలుసునా లేదా అన్నదే 1843 నాటి మెక్‌నాటన్ నియమాల ప్రకారం ప్రశ్న. 2024 వరకు అమలులో ఉండిన భారతీయ శిక్షాస్మృతి 84వ సెక్షను కూడా ఆ నియమాల బాటలోనిదే. శవాలను దాచినవాడు, దొంగ ఉత్తరాలు వ్రాసినవాడు, బ్రాడ్‌మూర్ నుంచి బయటపడే అవకాశాలను ముందుగానే వాకబు చేసినవాడు మతి లేనివాడంటే జూరీ నమ్మలేదు. తీర్పు చెప్పడానికి వారికి ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు.

ఆగస్టు 10న వాండ్స్‌వర్త్ జైలులో హేగ్‌ను ఉరితీసినారు. దానికి ముందు అతడు తన దుస్తులను మేడం టుస్సాడ్ మైనపు బొమ్మల ప్రదర్శనశాలకు ఇచ్చివేసినాడు. పంట్లాము మడత చెడకుండా చూడవలెనని కోరినాడట.