యువ క్రికెట్ వీరుల ఉత్తరచరిత్ర

1988 ఫిబ్రవరి కడపటి వారములో బొంబాయి ఆజాద్ మైదానమున హారిస్ షీల్డు పోటీ జరిగినది. శారదాశ్రమ విద్యామందిరము పక్షమున సచిన్ తెండూల్కర్, వినోద్ కాంబ్లీ అను ఇద్దరు బాలురు సెయింట్ జేవియర్స్ పాఠశాలపై విడివడకుండ 664 పరుగులు జోడించినారు. సచిన్‌వి 326, కాంబ్లీవి 349. వారి వెనుక ఆడవలసిన అమోల్ మజుందార్ ప్యాడ్లు కట్టుకొని తన వంతుకై కూర్చున్నాడు. ఆ వంతు రాలేదు.

ఆ నెలాఖరుననే ఆస్ట్రేలియాలో యువకుల ప్రపంచ కప్పు మొట్టమొదటిసారి ఆరంభమైనది. పిన్న వయసున వెలిగిన ప్రతిభ పిమ్మట ఏమగునో విచారించువారికి ఈ రెండు సంఘటనలే చాలినంత సామగ్రి కాగలవు.

సచిన్ కథ లోకవిదితము. దానిని తిరిగి చెప్పుట చర్వితచర్వణమే. కాంబ్లీ 1993లో వరుసగా రెండు టెస్టులలో ద్విశతకములు చేసినాడు. పదునేడు టెస్టులలో అతని సగటు 54.20. అయినను 1995లో, ఇరువది మూడేండ్లకే, టెస్టు ఆటకు అతడు దూరమైనాడు. ఎగసివచ్చు బంతులకు తడబడుననియు, నియమపాలన చాలదనియు పలువురు చెప్పినారు. అందులో నిజము లేకపోలేదు. కాని అంతటి సగటు గల యువకునికి దిద్దుకొనుటకు మరికొంత వ్యవధి ఈయదగునని నాకు తోచును.

మజుందార్ గతి వేరు. 1994లో తన తొలి రంజీ మ్యాచిలోనే 260 పరుగులు చేసినవాడు, పిదప ప్రథమశ్రేణి ఆటలో 11,000కు పైగా పరుగులు, 30 శతకములు గడించినాడు. భారతదేశము పక్షమున ఒక్క మ్యాచియు ఆడలేదు. ఇతని యవ్వనమంతయు ద్రావిడ్, గంగూలీ, లక్ష్మణ్, తెండూల్కర్ల కాలముతో కలిసిపోయినది. జట్టు మధ్యభాగమున ఉన్నవి మూడు నాలుగు స్థానములు, అవి నిండియున్నవి. ఇట్టివానిని విఫలుడనుటకు నోరాడదు. 2023లో మహిళల జట్టుకు శిక్షకుడైనాడు. 2025 నవంబరులో ఆ జట్టు ప్రపంచ కప్పు గెలిచినది.

ఇక ఆస్ట్రేలియాకు పోదము. 1988 నాటి ఆ యువకుల పోటీలో లారా, ఆథర్టన్, ఇంజమామ్, జయసూర్య ఆడినారు. వీరందరిని మించి 471 పరుగులు చేసినవాడు బ్రెట్ విలియమ్స్ అను ఆస్ట్రేలియా బాలుడు. తుదిపోరులోను శతకము అతనిదే. అతడు తన దేశపు పెద్దల జట్టులోనికి రానేలేదు. మన జట్టు నాయకుడు సెంథిల్‌నాథన్‌కును ఆ భాగ్యము కలుగలేదు. అతడు తరువాత మద్రాసులో వేగపు బౌలర్లకు శిక్షకుడైనాడు. ఆ జట్టులోని మన హైదరాబాదు వెంకటపతి రాజు మాత్రము 28 టెస్టులు ఆడినాడు.

ఇరువది నాలుగేండ్ల తరువాత, 2012 ఆగస్టులో, టౌన్స్‌విల్ నగరమున ఇదే కథ మరింత స్పష్టముగ నడచినది. ఆస్ట్రేలియాపై తుదిపోరులో భారత నాయకుడు ఉన్ముక్త్ చంద్ 111 పరుగులు చేసి, చివరివరకు నిలిచి కప్పు గెలిపించినాడు. పత్రికలు అతనిలో కాబోవు కోహ్లీని చూచినవి. (2008లో కోహ్లీయు ఇట్లే కప్పు తెచ్చియుండెను, పోలికలకు ఇంతకన్న ఆధారమేమి కావలెను!) మరుసటి ఏడు ఐ.పి.ఎల్. తొలి మ్యాచిలో, తొలి బంతికే, బ్రెట్ లీ అతని వికెట్టు పడగొట్టినాడు. ఒక్క బంతితో ఎవని బ్రతుకును మారదు. కాని తరువాతి సంవత్సరములలో అతడు పిలుపునకై ఎదురు చూచుచునే ఉండెను. 2021లో భారత క్రికెట్టుకు స్వస్తి చెప్పి అమెరికా చేరినాడు.

అదే జట్టులో కాకినాడ యువకుడు హనుమ విహారి ఉండెను. ఆ పోటీలో అతని ఆట ఎవ్వరి కంటికిని ఆనలేదు. అతడు రంజీలో ఏండ్ల తరబడి పరుగులు కూడబెట్టి 2018లో టెస్టులకు వచ్చినాడు. 2021 జనవరిలో సిడ్నీలో తొడ కండరము దెబ్బతిని పరుగెత్తలేని స్థితిలో 161 బంతులు ఎదుర్కొని మ్యాచి కాపాడినాడు. నాటి పదునైదుగురిలో టెస్టు ఆడినవాడు ఇతడొక్కడే.

యువకుల పోటీ కొలుచునది ఆనాటి బలమును మాత్రమే అని నా అభిప్రాయము. ముందుగ ఎదిగిన శరీరము కల బాలుడు తోటివారిని సులువుగ మించును; మూడేండ్లలో వారును ఎదుగుదురు. వయసు తగ్గించి చెప్పుట మన దేశమున పాత జాడ్యము. 2015లో ద్రావిడ్ ఒక ప్రసంగమున దీనిని బహిరంగముగ ఖండించినాడు. పిదప ఒక్కొక్కడు ఒకే యువ ప్రపంచ కప్పు ఆడవలెనను నియమము వచ్చినది.

గుంటూరు అంబటి రాయుడు వీరెవ్వరి వరుసకును చేరడు. 2002లో ఇంగ్లండులో యువకుల మ్యాచిలో 177 పరుగులు చేసి, 2004లో యువ భారత నాయకుడై, 2007లో బోర్డు గుర్తింపు లేని లీగులో చేరి వెలిపడినాడు. క్షమాపణ లభించిన తరువాత 2013లో, ఇరువది ఏడేండ్ల వయసున, తొలి అంతర్జాతీయ మ్యాచి ఆడినాడు. మొత్తము 55 వన్డేలు, సగటు 47.

2008 తుదిపోరులో ఉత్తమ ఆటగాడుగ నిలిచినవాడు అజితేశ్ అర్గల్. ఆ పోటీలో అత్యధికముగ పరుగులు చేసినవాడు తన్మయ్ శ్రీవాస్తవ. ఇద్దరును భారత జట్టునకు ఎక్కలేదు. అర్గల్ ఆదాయపు పన్ను శాఖలో ఉద్యోగి అయినాడు. ఇద్దరును 2023లో అంపైర్ల పరీక్షలో నెగ్గినారు. కోహ్లీ ఇంకను బ్యాటు పట్టి ఆడుచున్న 2025 నాటి ఐ.పి.ఎల్. మైదానములలో శ్రీవాస్తవ తెల్లటోపీతో నిలిచి తీర్పులు చెప్పినాడు.