గూడెం ముందు, గీత తర్వాత

2022 జులైలో మంచిర్యాల జిల్లా దండేపల్లి మండలం కోయపోచగూడ దగ్గర పోడు భూముల్లో ఆదివాసులు వేసుకున్న గుడిసెలను అటవీ, పోలీసు సిబ్బంది పీకేశారు. అధికారులు చెప్పిన కారణం ఒక్కటే: అది రిజర్వు అడవి, అందులో ఉన్నది ఆక్రమణ. నిజాం కాలం నుంచీ ఇక్కడి గుట్టల జనం వింటూ వచ్చిన మాటే అది. అయితే ఆక్రమణా కాదా అన్నది అటవీశాఖ రికార్డొక్కటే చూసి తేల్చడం న్యాయం కాదంటాను. ఆ రికార్డు తయారైన తీరులోనే ఈ జనం లెక్క తప్పిపోయింది.

ఎలా తప్పిందో చూడాలంటే సాగు పద్ధతి తెలియాలి. ఇక్కడి ఆదివాసుల్లో కొలాములు గుట్ట వాలులో పొదలు నరికి, కాల్చి, నాగలి లేకుండానే గుంతలు తవ్వి జొన్న విత్తుకునేవారు. రెండు మూడేళ్లకు సత్తువ తగ్గితే ఆ చోటు వదిలి పక్క వాలుకు పోయేవారు. గోండులు నాగలి పట్టినవాళ్లే గానీ, తేలిక నేలలను వాళ్లూ కొన్నేళ్లు దున్ని కొన్నేళ్లు బీడు పెట్టేవారు. రిజర్వు హద్దులు గీసినప్పుడు బీడు పడిన ఆ నేలంతా ఎవరిదీ కాని అడవిగా కాగితమెక్కింది. విశ్రాంతి తీసుకుంటున్న చేను సర్కారు ఆస్తి అయింది. తిరిగొచ్చి దున్నబోయినవాడు దొంగయ్యాడు. 1940లో జోడేఘాట్ గుట్టల్లో కుమ్రం భీం ప్రాణాలిచ్చిన పోరాటం వెనకున్నది ఈ తగాదానే. ఆ తర్వాత నిజాం సర్కారు పిలిపించిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఊరూరా తిరిగి, రిజర్వు గీతలు పాత ఊళ్లనూ పాత చేలనూ మింగిన సంగతి నివేదికల్లో రాశాడు. వాటి ఫలితంగానే ఆదిలాబాద్ జిల్లాలో వేల గోండు, కొలాం కుటుంబాలకు పట్టాలు దక్కాయి. తన గీత తప్పని రాజ్యమే ఒకసారి ఒప్పుకున్నదన్నమాట. ఈ సంగతి మనం ఎందుకంత సులువుగా మరిచిపోయామో నాకు అంతుపట్టదు.

కాగితం లేనంత మాత్రాన సాక్ష్యం లేనట్టు కాదు. దండేపల్లి మండలంలోనే గోదావరి ఒడ్డున గుడిరేవులో గోండుల దేవత పద్మల్‌పురి కాకో గుడి ఉంది. దీపావళి దండారీ పండుగ రోజుల్లో నెమలి ఈకల టోపీలతో గుస్సాడీ నర్తకులు ఎక్కడెక్కడి గూడేల నుంచో ఇక్కడికి వచ్చి మొక్కుతారు. నిన్న మొన్న అడవిలో చొరబడినవాళ్లు ఇంత దూరదూరపు ఊళ్లను కలిపే మొక్కును ఎక్కడి నుంచి తెచ్చుకుంటారు? ఊరి ఎల్ల కాచే దేవుడు అకిపేన్, పాత ఊరి బావి, పెద్దల సమాధులు కూడా ఇలాంటి సాక్ష్యాలే. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నియమాలు బావులను, శ్మశానాలను, పూజా స్థలాలను, పెద్దల వాంగ్మూలాన్ని సాక్ష్యంగా తీసుకోమంటున్నాయి.

పులి సంగతేమిటని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. ఈ ప్రాంతంలోనే 1965లో అభయారణ్యమైన కవ్వాల్ అడవి 2012లో పులుల అభయారణ్యమైంది, దాని కోర్ ప్రాంతం 893 చదరపు కిలోమీటర్లు. అడవి తరిగితే ముందు నష్టపోయేదీ గుట్టల జనమే. కొత్తగా నరికిన పోడు కూడా ఉంది, కాదనను. అందుకే అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబర్ 13 నాటికే ఆ భూమి చేతిలో ఉండాలని గడువు పెట్టింది. గిరిజనేతరులైతే మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అక్కడ ఉన్నట్టు చూపాలంది. వలస వచ్చినవాళ్ల ఆక్రమణను ఆపడానికి ఆ షరతు చాలు. గోండుల నేల కొంత చేజారింది బయటి నుంచి వచ్చిన అలాంటివాళ్ల వల్ల కూడా. కానీ క్లెయిము విచారణ పూర్తికాకముందే ఖాళీ చేయించకూడదని అదే చట్టం చెబుతోంది. అయినా 2019 జూన్‌లో కాగజ్‌నగర్ అడవిలోని కొలాంగొంది నుంచి 67 మంది కొలాములను లేపి, వేంపల్లి కలప డిపోలో ఉంచారు. హైకోర్టు న్యాయమూర్తి ఇంట్లోనే విచారణ జరిపి, వాళ్లకు ఇళ్లూ భూమీ చూపమని ప్రభుత్వాన్ని ఆదేశించవలసి వచ్చింది. కవ్వాల్ కోర్‌లోని మైసంపేట, రాంపూర్ వాసులను తరలించినప్పుడు మాత్రం కుటుంబానికి 15 లక్షలా, ఇల్లూ భూమా అని ముందే అడిగారు. పునరావాసం ఎంత బాగా సాగిందన్నది వేరే చర్చ. అడిగాకే కదిలించవచ్చని మాత్రం అక్కడ రుజువైంది. కోయపోచగూడ జనానికి ఆ ప్రశ్న వేయడానికి పులి అడ్డు రాలేదు.