ఘట్టకుటీ ప్రభాతం

మా వ్యాకరణ గురువుగారు న్యాయాలు చెప్పేటప్పుడు ఒక బండివాడి కథ తరచు చెబుతుండేవారు. రేవు దగ్గర సుంకం కట్టడం ఇష్టంలేక వాడు రాత్రివేళ సరుకు వేసుకొని అడ్డదారి పట్టాడట. చీకటిలో దారి తప్పి, రాత్రంతా తిరిగి తిరిగి, తెల్లవారేసరికి ఏ సుంకపు పాకను తప్పించుకోవాలనుకున్నాడో సరిగ్గా దాని గుమ్మం ముందరే తేలాడట. దీనినే ఘట్టకుటీప్రభాత న్యాయం అంటారు. ముప్పయ్యేళ్లకు పైగా పిల్లలకు దీనిని పాఠంగా చెప్పాను కాని, స్వానుభవానికి వచ్చింది మాత్రం 2019లో, విమానంలో.

బెంగుళూరులో ఉన్న మా అబ్బాయి మనవడి పుట్టినరోజుకు రమ్మని మా ఇద్దరికీ ఒక చౌక విమానంలో టికెట్లు తీశాడు. సంస్థ పేరు ఇక్కడ అప్రస్తుతం. మా ఆవిడకు అదే మొదటి విమానయానం. ముందురోజు సాయంత్రం అబ్బాయి ఫోన్ చేసి, "నాన్నగారూ, పక్కపక్క సీట్లు కావాలంటే అదనంగా కట్టాలి. కట్టేయమంటారా?" అన్నాడు. "కూర్చోవడానికి కాకపోతే టికెట్టు దేనికి కొన్నట్టురా?" అన్నాను. సమాధానం బాగుందని నాకు నేనే మురిసిపోయాను కూడా. ఆ ముచ్చట చివరికి ఏమైందో తరువాత చెబుతాను. ముందు కొంత చరిత్ర.

మా బన్సీలాల్‌పేట మేడ మీద నిలబడితే ఉత్తరంగా బేగంపేటకు దిగే విమానాలు కనబడుతుండేవి. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం తెరిచి, బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆపేసేవరకు ఆ హోరు మా సాయంకాలాలలో ఒక భాగం. ఆ బేగంపేట నుంచే 1946లో డెక్కన్ ఎయిర్‌వేస్ విమానాలు ఎగరడం మొదలుపెట్టాయి. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన సంస్థ అది. నడిపినవి డకోటా విమానాలు. 1953లో జాతీయం చేసినప్పుడు మరి ఏడు సంస్థలతోపాటు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆనాటి విమానం దొరల కోసం, దివానుల కోసం. అందులో కూర్చునే చోటికి వేరే వెల పెట్టాలన్న ఊహ ఎవరికీ వచ్చి ఉండదు.

సామాన్యుడి సీటు చరిత్ర బస్సులో ఉంది. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించింది. ఈనాటి ఆర్టీసీకి మూలం అదే. ఆర్టీసీ బస్సు మన భాషకు ఒక నుడికారాన్ని ప్రసాదించింది: కర్చీఫు వేయడం. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి జేబురుమాలు విసిరితే ఆ సీటు మనది. రుమాలు లేనివాడు తువ్వాలు, అదీ లేనివాడు పిల్లవాడిని కిటికీలోంచి లోపలికి దించేవాడు. ఇప్పుడు ఎన్నికల టికెట్టుకూ, మంత్రి పదవికీ కూడా కర్చీఫులు వేస్తున్నారు కదా! ఈ పద్ధతిలో న్యాయం లేదు, నిజమే. బలంగల వాడిదీ, చేయి పొడుగున్న వాడిదీ పైచేయి. అయితే ఎవరికీ పైకం ముట్టదు.

2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్‌ను ఆరంభించినప్పుడు ఈ కర్చీఫు సంస్కృతి ఆకాశానికెక్కింది. హైదరాబాదు నుంచి విజయవాడకు వేసిన ఆయన తొలి విమానానికి, వెంకయ్యనాయుడుగారు వంటి పెద్దలు అందులో ఉండగానే, బేగంపేటలో ఇంజనులో మంటలు వచ్చాయి. అందరూ క్షేమంగా బయటపడ్డారు. అటువంటి అపశకునం తరువాత కూడా ఆ సంస్థ నిలిచింది. ఆర్.కె. లక్ష్మణ్ గీసిన సామాన్యుడి బొమ్మను గుర్తుగా పెట్టుకొంది. రూపాయికే టికెట్టు అంటూ పత్రికలలో ప్రకటించింది. మంచినీళ్లూ ఉపాహారమూ కొనుక్కోవాలి. సీటుకు నంబరు లేదు. ముందు ఎక్కినవాడిదే కిటికీ. రూపాయి టికెట్టు అన్నారు కాని పన్నులూ రుసుములూ దానికి వేరు. మనకు తొలి పాఠం అక్కడే జరిగింది, మనం గమనించలేదు. 2007లో కింగ్‌ఫిషర్ సంస్థ అందులో వాటా కొని, తరువాతి ఏడు కింగ్‌ఫిషర్ రెడ్ అని పేరు మార్చింది. 2012లో కింగ్‌ఫిషరే ఆగిపోయింది.

నంబరు లేని సీటు గోపీనాథ్‌గారి సృష్టి కాదు. అమెరికాలో సౌత్‌వెస్ట్ సంస్థ 1971 నుంచీ అదే పద్ధతి నడిపింది. లోపల ప్రపంచమంతా మరొక దారి పట్టింది. 2006లో ఐరోపాలో ఫ్లైబీ, రయానెయిర్ పెట్టెకు వేరే రుసుము మొదలుపెట్టాయి. 2008లో చమురు ధర మండిపోతున్నప్పుడు అమెరికన్ ఎయిర్‌లైన్స్ మొదటి పెట్టెకే 15 డాలర్లు అంది. చివరికి సౌత్‌వెస్ట్ కూడా 2024లో తన పాత పద్ధతికి స్వస్తి చెబుతున్నట్టు ప్రకటించింది.

మన దేశంలో దీనికి రాజముద్ర పడింది 2013లో. కోరుకున్న సీటు, భోజనం, పెట్టె, ఆటసామాను, వాద్యాలు మొదలైన వాటికి విడివిడిగా రుసుము తీసుకోవచ్చునని పౌరవిమానయాన శాఖ అనుమతించింది. ప్రయాణికుడు కోరితేనే తీసుకోవాలని షరతు కూడా పెట్టింది. ఆంగ్లంలో దీనిని అన్‌బండ్లింగ్ అంటారు. మూట విప్పడం అందాం. 2018 నవంబరులో ఇండిగో వెబ్ చెక్-ఇన్‌లో అన్ని సీట్లకూ వెల కట్టినప్పుడు గగ్గోలు పుట్టింది. ఇది నిబంధనలకు లోబడి ఉందో లేదో చూస్తామని ప్రభుత్వం అంది. విమానాశ్రయంలో ఉచితంగానే కేటాయిస్తామని సంస్థ వివరణ ఇచ్చింది. 2021లో పెట్టె లేనివారికి తక్కువ ధరకు టికెట్టు అమ్మవచ్చునన్నారు. పెట్టె లేనివాడు పెట్టె ఉన్నవాడి బరువును ఎందుకు మోయాలి? ఆ వాదంలో బలం లేదని నేను అనను.

రుసుము తీసుకోవడమే పాపమని నా వాదం కాదు. సుంకం లేని రేవు ఏనాడూ లేదు. నా మనసు పోయేది మోటుపల్లి వైపు. ఇప్పటి బాపట్ల జిల్లాలో సముద్రపు ఒడ్డున ఉన్న ఆ ఊరు ఒకప్పుడు కాకతీయుల ప్రధాన రేవు. మార్కోపోలో మాటలలో ముత్ఫిలి. 1244 ప్రాంతంలో గణపతిదేవ చక్రవర్తి అక్కడ ఒక అభయశాసనం వేయించాడు. అంతకు ముందు తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు బలవంతంగా లాక్కునేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చేవారిని ఇలా దోచరాదని తలచి, నిర్ణీతమైన శుల్కం తప్ప మరేమీ తీసుకోబోమని ఆయన మాట ఇచ్చాడు. దానికి క్లుప్తశుల్కం అని పేరు. ముప్పదింట ఒకటి. గంధానికి ఇంత, కర్పూరానికి ఇంత, ముత్యాలకు ఇంత, దంతానికి ఇంత అని కూడా చెక్కించాడు. అందులో ధర్మచింతన ఎంతో, వర్తకులు మరో రేవుకు పోతారన్న లౌక్యం కూడా అంతే ఉండి ఉంటుందని నా ఊహ. ఏదైతేనేం, ఓడ లంగరు వేసేనాటికి వర్తకుడికి తాను కట్టవలసింది తెలుసు.

క్లుప్తశుల్కం అనే మాటను చూడండి. శుల్కమే తెలుగులో సుంకమైంది. క్లుప్తమంటే మనం ఈనాడు కొద్దిపాటిదని వాడుతున్నాం కాని, శాసనంలో దాని అర్థం ముందే నిర్ణయించినదని. విమానపు టికెట్టులో మొదటి పుట మీది అంకె ఈనాటి అర్థంలో క్లుప్తం, ఆనాటి అర్థంలో కాదు. పుట తిప్పిన కొద్దీ పెట్టెకు, సీటుకు, భోజనానికి, ముందుగా ఎక్కడానికి ఒక్కొక్క పాక ఎదురవుతుంది. మూట విప్పడంలో తప్పు లేదు. మూటలో ఏమేమి ఉన్నాయో మొదటి పుటలోనే చూపకపోవడమే తప్పు.

ఇక ఆ ముచ్చట. నేను కట్టవద్దన్నాను కనుక శంషాబాదులో కౌంటరు దగ్గర ఇచ్చిన సీట్లు తీసుకున్నాం. నాది ముందువైపు, ఆవిడది చివరి వరుసలలో, ఇద్దరు యువకుల మధ్య సీటు. మార్చమని అడిగితే డబ్బు కట్టే సీట్లే మిగిలాయన్నారు. క్యూలో నా వెనుక చాలామంది ఉన్నారు. అప్పటికైనా కట్టి ఉండవచ్చును. అభిమానం అడ్డొచ్చింది. విమానం లేచేటప్పుడు వెనుదిరిగి చూస్తే వరుసల మధ్య ఆవిడ కనబడలేదు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. బాత్రూముకు పోవాలంటే పక్క కుర్రవాడిని లేపాలి. లేపడానికి మొహమాటపడి గంటకు పైగా అలాగే కూర్చుందట. బెల్టు కట్టుకోవడం కూడా ఆ కుర్రవాడే చూపించాడట. బెంగుళూరులో పెట్టెల దగ్గర కలిసినప్పుడు, "మేఘాలు కనబడ్డాయా?" అని అడిగాను. "నాకు కిటికీ ఏదండీ? పోనీలెండి, ఆ డబ్బు మీ పుస్తకాలకు పనికొస్తుంది" అంది. సుంకం ఎగ్గొట్టిన బండివాడిని నేనే. తెల్లవారేసరికి పాక ముందు తేలాను, అయితే కట్టింది ఆవిడ.

2024లో విమానయాన నియంత్రణ సంస్థ ఒక ఆదేశమిచ్చింది. పన్నెండేళ్లలోపు పిల్లలకు తల్లిదండ్రులలో ఒకరి పక్కనైనా సీటు ఇవ్వాలని. మంచి ఆదేశం. మోకాళ్ల నొప్పుల వయసు గురించి అందులో మాట లేదు.

మొన్న విశాఖలో బంధువుల ఇంట పెళ్లికి అబ్బాయి మళ్లీ విమానం అన్నాడు, ఈసారి సీట్లు కూడా తానే కొంటానన్నాడు. ఆవిడ వద్దంది. నేనే వెళ్లి సికింద్రాబాదు స్టేషనులో వరుసలో నిలబడి ఫారం నింపాను. వయసు చూసి గుమాస్తా అదనంగా ఏమీ అడగకుండానే గోదావరిలో రెండు కింది బెర్తులిచ్చాడు, ఎదురెదురుగా.