పిట్ట ఒప్పుకున్న దూరం

పిడుగురాళ్లలో తెల్లవారడమంటే అక్షరాలా తెల్లవారడమే. సున్నపు బట్టీల పొడి పడి రోడ్డు పక్క తుమ్మచెట్లు వెల్ల వేసినట్టుంటాయి. రాయి తీసుకుని వదిలేసిన క్వారీ గుంటల్లో వాననీళ్లు నిలుస్తాయి. అలాంటి ఒక గుంట ఒడ్డున, పగిలిన బండ మొన మీద లకుముకి పిట్ట కూర్చుని ఉంది. నాకూ దానికీ మధ్య యాభై గజాలు. ఒక అడుగు వేశాను, తల ఇటు తిప్పింది. ఇంకో అడుగు వేశాను, ఒళ్లు బిగించింది. మూడో అడుగు వెయ్యలేదు. వేస్తే బండ ఒక్కటే మిగులుతుంది.

నూటముప్పై ఏళ్లుగా పిట్టల ఫొటోలు తీసేవాళ్లు పడుతున్న పాట్లన్నీ ఆ మూడో అడుగు దగ్గరే. లకుముకి పిట్ట జానెడు కన్నా కాస్త ఎక్కువ, దాదాపు 28 సెంటీమీటర్లు. యాభై గజాల నుంచి మామూలు 50 మిల్లీమీటర్ల లెన్స్‌తో తీస్తే కెమెరా లోపల పడే దాని బొమ్మ మిల్లీమీటరులో మూడోవంతు. ఆవగింజ కూడా అంతకన్నా పెద్దది. అదే 600 మిల్లీమీటర్ల లెన్స్‌లో నాలుగు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. వెనక 1.4 రెట్ల టెలికన్వర్టర్ తగిలిస్తే అయిదు దాటుతుంది. ఇంతా చేస్తే దక్కేది అయిదు మిల్లీమీటర్ల పిట్ట. దాని కోసమే ఈ గొడవంతా.

లెన్స్‌లు చిన్నవిగా ఉన్న కాలంలో మనిషే దగ్గరికి పోవాల్సి వచ్చింది. 1892లో ఇంగ్లండులో రిచర్డ్, చెర్రీ కీర్టన్ అనే అన్నదమ్ములు గుడ్లున్న గూడు ఒకటి ఫొటో తీశారు. అక్కడి నుంచి వాళ్లకది పిచ్చి అయింది. 1895లో గూళ్ల మీద పుస్తకమే వేశారు. పిట్టకు తెలియకుండా దగ్గరికి చేరడానికి వాళ్లు పన్నిన ఎత్తుల్లో ఒకటి బొమ్మ ఎద్దు. చట్రం మీద అసలు ఎద్దుతోలే కప్పి, లోపల మనిషి దూరి, కెమెరా కంటికి ఒక కన్నం వదిలారు. మన రైతు వింటే నవ్వుతాడు. ఇక్కడ కొంగలు నిజం ఎద్దుల కాళ్ల సందుల్లోనే తిరిగేవి, ఇప్పుడు ట్రాక్టరు వెనకాల తిరుగుతున్నాయి. షికారీలకు ఆ సంగతి ముందే తెలుసు. తుపాకీ వాడు నడిచొస్తే ఆమడ దూరం పోయే బట్టమేక పిట్ట, ఎడ్లబండి వస్తుంటే నిలబడి చూస్తుంది. అందుకే దాన్ని బండి చాటునుంచే వేటాడేవాళ్లు.

ఆ కీర్టన్ సోదరుల కథలో మా ఊరికీ ఒక చుట్టరికం ఉంది. ఆ రోజుల్లో ఫొటోలను గాజు పలకల మీదికెక్కించి, లాంతరుతో తెర మీద చూపిస్తూ ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లు. పెద్ద హాళ్లలో ఆ లాంతర్లకు వెలుగిచ్చింది సున్నం. ఆక్సిజన్, హైడ్రోజన్ కలిపిన మంటలో కాల్చిన సున్నపు ముద్ద పెడితే కళ్లు మిరుమిట్లు గొలిపేంత తెల్లగా వెలుగుతుంది. 1820లలో కనిపెట్టిన వెలుగు అది. కరెంటు దీపాలు రాకముందు నాటకశాలల్లోనూ అదే. మా బట్టీల్లో కాలే రాయి తమ్ముడే ఎక్కడో ఏదో ఊళ్లో ఒక పిట్టను తెర మీద వెలిగించాడు.

ఇక దూరాన్ని గాజుతో జయించే ఉపాయం. కుంభాకార కటకం వెలుగును ఒకచోటికి పోగుచేస్తుంది. ఆ వెలుగు కలిసే చోటికి కాస్త ముందు పుటాకార కటకం అడ్డం పెడితే కిరణాలు అంత తొందరగా కలవవు, బొమ్మ పెద్దదవుతుంది. కెప్లర్ 1611లోనే ఈ జోడీ సంగతి రాశాడు. 1833 ప్రాంతంలో పీటర్ బార్లో అనే లెక్కల మాస్టారు టెలిస్కోపు కోసం అలాంటి కటకమే చేయించాడు. చుక్కలు చూసేవాళ్లు దాన్ని నేటికీ బార్లో లెన్స్ అంటారు. ఇవాళ మనం సంచిలో వేసుకు తిరిగే టెలికన్వర్టర్‌కు తాత ముత్తాత అదే.

1891లో విచిత్రం జరిగింది. లండన్‌లో డాల్‌మేయర్, బెర్లిన్‌లో మీథే, మ్యూనిక్‌లో స్టైన్‌హైల్ ఎవరికి వారే ఈ జోడీని కెమెరాకు బిగించి టెలిఫొటో లెన్స్ చేశారు. దూరానివి తీసేది కాబట్టి టెలిఫొటో అని మనం అనుకుంటాం. లెన్స్‌లు చేసేవాళ్ల లెక్క వేరు. నాభ్యంతరం కన్నా గొట్టం పొట్టిగా ఉంటేనే అది టెలిఫొటో. లేకపోతే 600 మిల్లీమీటర్లంటే మూర కన్నా పొడుగున్న గొట్టం మోయాలి. ఆ రోజుల్లో ఆ లెన్స్ ఎంత పెంచితే అంత చీకటి, బొమ్మ దిగడానికి సెకన్లు పట్టేది. పిట్టలకు అంత ఓపిక ఉండదు.

అందుకే మరి కొన్ని దశాబ్దాలు గూళ్ల బొమ్మలే వచ్చాయి. గూటికి పిట్ట తిరిగి రాకతప్పదు. రైల్వేలో ఉద్యోగం చేసిన లౌథర్, 1949లో తన అనుభవాలను ‘ఎ బర్డ్ ఫొటోగ్రాఫర్ ఇన్ ఇండియా’ అని పుస్తకంగా వేశాడు. సలీం అలీతో తిరిగిన సింగపూర్ సినిమా వ్యాపారి లోక్ వాన్ థో, 1957లో తన పక్షి ఫొటోల పుస్తకం తెచ్చాడు. ఇద్దరి పద్ధతీ ఒకటే, గూటి పక్కన మాటు కట్టి లోపల కూర్చోవడం. ఎత్తయిన గూడైతే మంచె కట్టాల్సిందే. మన చేలల్లో జొన్న కంకి పాలు పోసుకునే వేళ మంచె మీద వడిసెల తిప్పేది పిట్టను దూరం తోలడానికి. వీళ్ల మంచె దాన్ని దగ్గరికి రానివ్వడానికి. ఆ పుస్తకాలు తిరగేస్తే పిట్టలన్నీ పిల్లల తల్లులే అనిపిస్తుంది. వేటాడే పిట్ట, పోట్లాడే పిట్ట, ఊరికే ఎండ కాగే పిట్ట అరుదు. నా మటుకు నాకు లెన్స్‌లు పొడుగయ్యాక జరిగిన అసలు మేలు ఇదే, పిట్ట గూట్లోంచి బయటపడింది. ఇవాళ గూటి ఫొటోలు తీయడం తప్పంటున్నారు. తల్లి బెదిరి పోతే గుడ్లు ఎండకు మాడిపోతాయి, కాకి కనిపెడుతుంది. మన ఎండకు కొద్ది నిమిషాలు చాలు.

1959లో ఫ్రాంక్ బ్యాక్ రూపొందించిన జూమార్, మామూలు ఫొటో కెమెరాకు వచ్చిన తొలి జూమ్. 36 నుంచి 82 మిల్లీమీటర్లు. దాంతో పిట్టలేం పడవు. ఆ తర్వాతి ముప్పై ఏళ్లలో జూమ్‌లు పొడుగయ్యాయి కానీ, మొన మెత్తబడి బొమ్మ పదును తగ్గేది. పిట్టల వాళ్లు వాటిని చిన్నచూపు చూశారు. టెలికన్వర్టర్‌నైతే మరీను. కారణం గాజులో సగమే ఉంది, మిగతా సగం ఫిల్ములో. లెక్క వేసి చూడండి. 400 మిల్లీమీటర్లు, ఎఫ్ 5.6 లెన్స్. 1.4 రెట్ల కన్వర్టర్ వేస్తే 560 అవుతుంది, వెలుగు సగం పోయి ఎఫ్ 8. కొడాక్రోమ్ 64 ఫిల్ముతో మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా షటర్ సెకనులో 250వ వంతు. రెండు రెట్లది వేస్తే వెలుగు పావుకు దిగుతుంది, షటర్ 125వ వంతు. చేత్తో పట్టుకుంటే గుండె చప్పుడుకే బొమ్మ కదిలిపోతుంది. తెల్లవారి పిట్ట చురుగ్గా ఉన్నప్పుడు వెలుగు చాలదు, వెలుగు చాలినప్పుడు పిట్ట నీడలో ఉంటుంది. అదే లెన్స్‌ను 1.4 రెట్ల కన్వర్టర్‌తో ఐఎస్ఓ 1600 పెట్టిన డిజిటల్ కెమెరాకు తగిలిస్తే షటర్ 6000వ వంతు దాటుతుంది. కన్వర్టర్ మంచిదైపోలేదు, దాని అప్పు తీర్చే స్తోమత మనకొచ్చింది.

చేతి వణుకు సంగతి 1995లో తేలింది. ఆ ఏడు కెనాన్ 75-300 జూమ్‌లో వణుకును లోపలి గాజే సర్దుకునే ఏర్పాటు వచ్చింది. 1998లో అదే సంస్థ 100-400 వచ్చాక పిట్టల వాళ్ల భుజాన జూమ్ మామూలైంది. అసలు జాతర 2013 చివర్లో టామ్రాన్ 150-600తో మొదలైంది. మరుసటేడు సిగ్మా అదే కొలతతో దిగింది, 2015లో నికాన్ 200-500 తెచ్చింది. అప్పట్లో లక్షకు అటూ ఇటూ ధర. అంతకుముందు అంత దూరం చూడాలంటే అనేక లక్షల లెన్స్. మిర్చి ధర పలికిన ఏడాది మా వైపు కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురు వీటిని కొన్నారు. మిగతావాళ్లది పెళ్లిళ్ల స్టూడియో దారి. ముహూర్తాల్లేని ఆషాఢంలో పెళ్లికూతుర్ని తీసిన 70-200కే రెండు రెట్ల కన్వర్టర్ తగిలించి 400 చేస్తారు. ఆ బొమ్మలు కొంచెం మెత్తగానే వస్తాయి. అయినా పాలపిట్ట రెక్క విప్పినప్పుడు ఆ నీలం చూస్తే ఎవరూ పదును అడగరు.

నా కన్వర్టర్ సెకండ్‌హ్యాండ్‌ది. ఇంటికొచ్చి టార్చి వేసి చూస్తే లోపల బూజు సాలెగూడులా అల్లుకుని ఉంది. అమ్మినవాడు ‘అది డిజైనండీ’ అన్నాడు. శుభ్రం చేయించి వాడుకుంటున్నాను. జూమ్‌లకు సున్నపుపొడితో ఇంకో తంటా. తిప్పినప్పుడు గొట్టం ముందుకు సాగే జూమ్, కొలిమితిత్తిలా గాలిని లోపలికి పీల్చుకుంటుంది, గాలితోపాటు పొడినీ. అందుకే బట్టీల దగ్గర ఒక కొలత పెట్టుకుంటే ఇక తిప్పను. గాజు మీద పడిన పొడిని ముందు గాలితో ఊదాలి. గుడ్డతో తుడిస్తే గీతలే.

ఇంతలా తిట్టుకునే సున్నంలోని కాల్షియమే మళ్లీ లెన్స్ లోపల దేవుడు. పొడుగు లెన్స్‌లో ఎరుపూ నీలమూ ఒకేచోట కలవవు. తెల్లకొంగ అంచుకు ఊదారంగు గీత పడుతుంది. నాభ్యంతరం పెరిగిన కొద్దీ, పైగా కన్వర్టర్ వేసిన కొద్దీ ఆ గీత పెరుగుతుంది. దానికి మందు ఫ్లోరైట్, అంటే కాల్షియం ఫ్లోరైడ్ స్ఫటికం. గనుల్లో లెన్స్‌కు సరిపడేంత పెద్దది, మచ్చలేనిది దొరకడం కష్టం. కెనాన్ దాన్ని కొలిమిలో పెంచి, 1969లో 300 మిల్లీమీటర్ల లెన్స్‌లో పెట్టి అమ్మింది.

గాజు చెయ్యలేని పనులూ ఉన్నాయి. రెంటచింతల పేరు ప్రతి వేసవిలోనూ పేపర్లో చూస్తుంటాం కదా. ఆ ఎండలో పత్తి కట్టె పీకేసిన నల్లరేగడి చేల మీద తొమ్మిది దాటితే గాలి ఉడుకుతుంది. వంద గజాల అవతలి తీతువు పిట్ట ఏటి అడుగున ఉన్నట్టు అల్లాడుతుంది. 600 అయినా 840 అయినా పెద్దదయ్యేది ఆ అల్లాటే. కొత్త కుర్రాళ్లు లెన్స్‌ను తిడతారు. తిట్టాల్సింది ఆలస్యంగా లేచినందుకు తమనే.

తెలుగు నేల మీద ఎక్కువగా ఎదురుచూసిన పిట్ట కలివి కోడి. దానికైతే ఏ పొడుగు లెన్సూ అక్కరకు రాలేదు. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా చేసిన జెర్డన్ సేకరించగా, 1848లో దానికి శాస్త్రీయ నామం వచ్చింది. తెలుగులో దాన్ని ‘అడవి ఉతతిత్తి’ అంటారని జెర్డన్ రాసుకున్నాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే వేటగాడు రాత్రి టార్చి వెలుగులో దాన్ని చేత్తో పట్టుకున్నాడు. బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ దాని కోసం అక్కడే వెతుకుతున్నాడు. ఎనభై ఆరేళ్ల దూరాన్ని దాటించింది ఒక వేటగాడి చెయ్యి. పట్టిన పిట్ట మాత్రం బతకలేదు.

ఆ తర్వాత జగన్నాథన్, ఆయనతోటి పరిశోధకులు పొదల మధ్య బాటల మీద మెత్తటి మట్టి పరిచి అడుగుజాడలు చూశారు. వాటి పక్కన తమంతట తాము బొమ్మ తీసే కెమెరాలు పెట్టి వచ్చేశారు. 2002లో ఆ పద్ధతి అచ్చయింది. రాత్రి తిరిగే పిట్ట, ముళ్లపొదల అడవి, అక్కడ మనిషి అసలు ఉండకపోవడమే మంచి మాటు. కీర్టన్ ఎద్దులోంచి మనిషిని కూడా తీసేశారన్నమాట.

పోయిన చలికాలం గుంటూరు పక్కన ఉప్పలపాడు వెళ్లాను. ఊరి చెరువు, అందులో చెట్లు, చెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. చెట్లు చాలక నీళ్లలో ఇనుప చట్రాలు కూడా నిలబెట్టారు. గట్టు మీద జనం మాట్లాడుకుంటూ తిరుగుతుంటే అవి ఈకలు సర్దుకుంటున్నాయి. ట్రైపాడ్ దింపి, అలవాటు కొద్దీ కన్వర్టర్‌తో సహా బిగించి చూశాను. చట్రం నిండా ఒక ముక్కు, ఒక కన్ను. పక్కన పళ్లపుల్ల నములుతున్న పెద్దాయన అడిగాడు: ‘అంత పొడుగుది ఎందుకు తెచ్చావు నాయనా, ఇది నీకు చాలదా?’ అని తన ఫోను చూపించాడు. కన్వర్టర్ విప్పి జేబులో వేసుకున్నాను. జూమ్‌ను 150కి దించాను. పుల్ల ముక్కున పెట్టుకుని ఒక కొంగ మా మీదుగా దిగుతోంది, రెక్కలు అప్పటికీ చట్రంలో పట్టడం లేదు. నేనే రెండడుగులు వెనక్కి వేశాను.